ముందు పని, తరువాత కంప్యూటరు



సైన్సు బాగా చదువుతారన్న పేరు ఒకసారి వచ్చిందంటే ఇరుగుపొరుగువారు మిమ్మల్ని వదలరు. ఫ్యాను తిరక్కపోతే మీకే కబురు వస్తుంది. సెల్‌ఫోను మొరాయిస్తే మీ చేతికే వస్తుంది. ఏదో ఒకనాడు, కంప్యూటరు సంగతి బొత్తిగా తెలియనివారు ఒకరు, కూడబెట్టిన డబ్బు పట్టుకుని వచ్చి "మంచి కంప్యూటరు ఏదో చెప్పండి" అని అడుగుతారు. అప్పుడు మీరేం చెబుతారు?

"మంచి బండి ఏది?" అని ఎవరైనా అడిగితే మనం వెంటనే పేరు చెప్పం. ధాన్యం బస్తాలు మోయడానికా, పెళ్ళివారిని ఎక్కించుకోవడానికా అని ఎదురు ప్రశ్న వేస్తాం. కంప్యూటరు విషయంలో మాత్రం ఈ ప్రశ్న వేయడం చాలామంది మరచిపోతారు. అక్కడే డబ్బు దండగ అవుతుంది.

ఒక అంచనా కాగితం

మా శ్రీకూర్మంలో నాకు తెలిసిన ఒక దర్జీ ఉన్నాడు. ఆయన కూతురు శ్రీకాకుళంలో బి.కాం.లో చేరింది. నెలనెలా కట్టిన చీటీ పాడుకుంటే చేతికి 35 వేల రూపాయలు వచ్చాయి. ఒక కొట్టువారు రాసిచ్చిన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"మాస్టారూ, మా గుంటకి కంప్యూటరు కొందామనుకుంతన్నాను. కొట్టోళ్ళు ఈ కాయితం రాసిచ్చినారు. ఇది మంచిదేనా, ఏటి?"

కాగితంలో ఉన్నవి ఇవి: ఖరీదైన ప్రాసెసరు ఒకటి, చిన్న గ్రాఫిక్సు కార్డు ఒకటి, 8 జీబీ మెమరీ, తిరిగే చక్రం ఉన్న 1000 జీబీ హార్డు డిస్కు, రంగురంగుల దీపాలున్న పెట్టె, మానిటరు. పెట్టెతోపాటు పవర్ సప్లై "ఉచితం". యూపీఎస్ ఊసే లేదు.

కొట్టువారు మోసం చేశారని అనుకోకండి. ఈ కంప్యూటరుతో చేయబోయే పని ఏమిటో వారికి ఎవరూ చెప్పలేదు. రోగం చెప్పకుండా మందు అడిగితే ఏదో ఒక సీసా చేతిలో పెడతారు కదా! అందుకని మేము ముందు మూడు ప్రశ్నలు వేసుకున్నాం.

రోజూ ఏ పని చేయాలి? జమాఖర్చుల పట్టికలు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైపు, వీడియో పాఠాలు. తీరికవేళ తండ్రి తన ఖాతాదారులకు జాకెట్ల నమూనాలు చూపించుకుంటాడు. ఆటలు లేవు.

ఎక్కడ పెడతారు? కుట్టుమిషను ఉన్న ముందుగదిలో. అక్కడ గుడ్డపీచు ఎగురుతూ ఉంటుంది. సముద్రం దగ్గర కావడంతో గాలిలో ఉప్పు ఉంటుంది. గాలివాన వస్తే కరెంటు పోతుంది.

ఎన్నాళ్ళు పనిచేయాలి? డిగ్రీ మూడేళ్ళూ, ఆపైన ఇంకొన్నాళ్ళు.

ఈ జవాబులు ముందు పెట్టుకుంటే కాగితంలోని ప్రతి వస్తువునూ మనమే పరీక్షించవచ్చు. ఎలాగో చూద్దాం.

ముక్కలుగా ఎందుకు కొనగలుగుతున్నాం?

అసలు కంప్యూటరును విడిభాగాలుగా ఎంచుకునే వీలు మొదటినుంచీ లేదు. హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థ 1967లో ఏర్పడింది. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన టీడీసీ-12 అనే కంప్యూటరును 1969లో తయారుచేసింది. అటువంటి యంత్రాలు పరిశోధనశాలలకూ పెద్ద సంస్థలకూ వెళ్ళేవి. ఒక ముక్క ఇక్కడా, ఒక ముక్క అక్కడా కొని ఇంట్లో బిగించుకునే ప్రశ్నే లేదు.

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. తొందరగా తయారుచేయాలన్న ఉద్దేశంతో ఆ సంస్థ చాలా భాగాలు బయటివారి దగ్గర కొన్నది. ప్రాసెసరు ఇంటెల్‌ది. నడిపించే ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్‌ది. పైగా లోపలి సర్క్యూట్ల పటాలను పుస్తకంగా అచ్చువేసి అమ్మింది. దానితో ఎవరైనా ఆ యంత్రానికి సరిపోయే భాగాలు తయారుచేయగలిగారు. 1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతి వల్ల, ఒకరి బోర్డు మరొకరి పెట్టెలో సరిగ్గా కూర్చునే ఏర్పాటు మరింత కుదిరింది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో వరసగా కంప్యూటరు విడిభాగాల కొట్లు కనిపిస్తాయంటే దాని వెనుక ఉన్నది ఈ చరిత్రే.

ఆ మొదటి ఐబీఎం యంత్రంలో కనీస మెమరీ ఎంతో తెలుసా? 16 కిలోబైట్లు. నేడు 16 జీబీ అంటే దానికి పది లక్షల రెట్లకు పైమాటే!

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

కంప్యూటరు "నెమ్మదిగా ఉంది" అన్నప్పుడు చాలామంది ప్రాసెసరునే తిడతారు. ఒక చిన్న లెక్క వేద్దాం.

చవకరకం ప్రాసెసరు కూడా ఈ రోజుల్లో 3 గిగాహెర్ట్జ్ వేగంతో పనిచేస్తుంది. అంటే సెకనుకు 300 కోట్ల తాళాలు. ఒక తాళం నుంచి మరో తాళానికి మధ్య కాలంలో కాంతి కూడా 10 సెంటీమీటర్లకు మించి పోలేదు! మీరు సెకనుకు 5 అక్షరాలు టైపు చేస్తారనుకోండి. అది చాలా వేగమే. అయినా ఒక అక్షరానికీ తరువాతి అక్షరానికీ మధ్య ప్రాసెసరుకు 60 కోట్ల తాళాల వ్యవధి ఉంటుంది. పాపం, అది మీకోసం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. ఇంతకన్నా ఖరీదైన ప్రాసెసరు కొంటే ఇంకా ఎక్కువసేపు గోళ్ళు గిల్లుకుంటుంది, అంతే.

మరి ఆలస్యం ఎక్కడిది? సమాచారం తెచ్చుకోవడంలో. ప్రాసెసరు మెమరీ నుంచి ఒక అంశం తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. అదే అంశం సాలిడ్ స్టేట్ డిస్కులో, అంటే ఎస్.ఎస్.డి.లో ఉంటే సుమారు 100 మైక్రోసెకన్లు. తిరిగే హార్డు డిస్కులో ఉంటే సుమారు 10 మిల్లీసెకన్లు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే చక్రం సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. ఆపైన సూది కూడా పక్కకు జరగాలి. ఆలస్యం కాక ఏమవుతుంది?

ఈ అంకెలు మన మనసుకు అందవు. అందుకని అన్నిటినీ ఒకే రీతిగా కోటి రెట్లు సాగదీద్దాం. దర్జీ చేతిలో దారం అయిపోయిందనుకోండి. మెమరీ నుంచి తేవడమంటే పక్కనున్న సొరుగులోంచి రీలు తీసుకోవడం: ఒక సెకను. ఎస్.ఎస్.డి. నుంచి తేవడమంటే బజారుకు వెళ్ళి రావడం: సుమారు 17 నిమిషాలు. హార్డు డిస్కు నుంచి తేవడమంటే? దాదాపు 28 గంటలు! ఈ రోజు పొద్దున్న బయలుదేరినవాడు రేపు మధ్యాహ్నానికి గాని తిరిగి రాడు. అంతవరకూ కుట్టుమిషను, అది ఎంత గొప్ప కంపెనీదైనా, ఊరికే కూర్చోవలసిందే.

మా ఊళ్ళో తాబేలంటే అందరికీ గౌరవమే. అయినా డిస్కు మాత్రం తాబేలు కాకూడదు! కాబట్టి మొదటి మార్పు ఇది: 1000 జీబీ హార్డు డిస్కు తీసివేసి 256 జీబీ ఎస్.ఎస్.డి. రాసుకున్నాం. "నాలుగో వంతే కదా, సరిపోతుందా?" అని ఆ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. యూనికోడు పద్ధతిలో నిల్వచేసేటప్పుడు తెలుగు గుర్తు ఒక్కొక్కటి సాధారణంగా మూడు బైట్లు తీసుకుంటుంది. పేజీకి 2000 గుర్తులంటే 6000 బైట్లు. అందులో 100 జీబీ మాత్రమే రాతకు వాడినా కోటీ 66 లక్షల పేజీలు పడతాయి. డిగ్రీ మూడేళ్ళలో అన్ని పేజీలు రాసే విద్యార్థిని నేనింతవరకు చూడలేదు.

ఒక అక్షరం వెనుక ఉన్న ఖర్చు

కాగితంలోని ప్రాసెసరు ఇంటెల్‌ది. దాని అంకె చివర "ఎఫ్" అనే అక్షరం ఉంది. ఆ అక్షరాన్ని చాలామంది పట్టించుకోరు. తెర మీద బొమ్మను గీసే భాగం ఆ ప్రాసెసరులో లేదని దాని అర్థం. అది లేదు కాబట్టే వేరే గ్రాఫిక్సు కార్డు అవసరమైంది. అంటే ఒక లోటు పూడ్చడానికి ఇంకో ఖర్చు.

ఎఫ్ లేని, ఒక మెట్టు చిన్నదైన ప్రాసెసరు తీసుకుంటే బొమ్మ గీసే భాగం దానిలోనే ఉంటుంది. వీడియో పాఠాలకూ పట్టికలకూ అది చాలు. ప్రాసెసరు దగ్గర కొంత మిగిలింది. కార్డు ఖరీదు మొత్తం మిగిలింది. ఇదే కొత్త త్రీడీ ఆటలు ఆడేవారికైతే సలహా తిరగబడేది. వారికి కార్డే ప్రాణం. పని మారితే జవాబు మారుతుందని మరచిపోకండి.

మెమరీ 8 జీబీ ఉండనిచ్చాం. కాని రెండు గాళ్ళున్న మదర్‌బోర్డు ఎంచుకుని, ఒక గాడి ఖాళీగా వదిలాం. అటువంటిదే మరో 8 జీబీ పట్టీ తరువాత తెచ్చి గుచ్చితే మెమరీ రెట్టింపవుతుంది. రెండు దారుల్లో ఒకేసారి సమాచారం నడుస్తుంది గనుక వేగం కూడా పెరుగుతుంది. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాలకోసం మెమరీ చిప్పులకు గిరాకీ పెరిగి ధరలు బాగా ఎగిశాయి. ఇటువంటప్పుడు సగం ఇప్పుడు, సగం తరువాత కొనడం తెలివైన పని.

మదర్‌బోర్డు కొనేటప్పుడు జత చూసుకోవాలి. ఎల్‌జీఏ 1700 అనే గూటిలో ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు కూర్చుంటాయి. ఆ పేరులోని 1700 అన్నది ఆ గూటిలోని స్పర్శబిందువుల సంఖ్య. ఏఎండీ వారి ఏఎం4, ఏఎం5 గూళ్ళు వేరు. మెమరీలోనూ డీడీఆర్4, డీడీఆర్5 అని రెండు రకాలున్నాయి. రెండింటికీ 288 స్పర్శబిందువులే ఉంటాయి గాని, మధ్య గంటు వేరువేరు చోట్ల ఉంటుంది. ఒకదాని గాడిలో మరొకటి దిగదు. దిగకపోతే బలవంతం చేయకండి. తాళంచెవి వేరని అర్థం.

మోసేది కనిపించదు

పాలసముద్రం చిలికిన కథలో అందరి కళ్ళూ మందర పర్వతం మీదే. దానిని అడుగున మోసిన కూర్మం ఎవరికీ కనిపించదు. కంప్యూటరులో పవర్ సప్లై అటువంటిది. గోడలోని 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి అన్ని భాగాలకూ అందించేది అదే. అది పాడైతే ఊరికే పోదు. ఒక్కోసారి మదర్‌బోర్డునూ డిస్కునూ కూడా వెంటబెట్టుకుపోతుంది. దానిని "ఉచితం"గా తీసుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మంచి పవర్ సప్లై మీద "80 ప్లస్" అనే గుర్తు ఉంటుంది. గోడనుంచి తీసుకున్న శక్తిలో కనీసం 80 శాతం భాగాలకు అందజేస్తుందని దాని అర్థం. లోపలి భాగాలకు 80 వాట్లు కావాలంటే ఇది గోడనుంచి 100 వాట్లు తీసుకుంటుంది. 20 వాట్లు వేడిగా పోతాయి. 65 శాతమే అందించే నాసిరకమైతే 123 వాట్లు తీసుకుని 43 వాట్లు వేడిచేస్తుంది. కరెంటు బిల్లూ పెరుగుతుంది, పెట్టే కాగుతుంది.

ఇక యూపీఎస్. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత కాలం ఏ చిన్న యూపీఎస్సూ ఆదుకోదు. దాని పని వేరు. చిన్న యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉంటుంది. 12ను 7తో గుణిస్తే 84 వాట్-గంటలు. కంప్యూటరూ మానిటరూ కలిసి 84 వాట్లు వాడితే ఒక గంట రావాలని లెక్క చెబుతుంది. ఆచరణలో అందులో సగం కూడా రాదు. త్వరత్వరగా పిండితే బ్యాటరీ తన శక్తినంతా ఇవ్వదు, మార్పిడిలో కొంత వృథా అవుతుంది. అయినా రాసినది భద్రపరచి, యంత్రాన్ని పద్ధతిగా ఆపడానికి అయిదు నిమిషాలు చాలు.

ఎర్తు సంగతి కూడా చూడాలి. ఇనుప పెట్టెను తాకితే వేలు జివ్వుమంటోందా? పవర్ సప్లైలోని చిన్న కెపాసిటర్లు అతికొద్ది కరెంటును పెట్టెకు వదులుతాయి. దానిని భూమిలోకి పంపడానికే మూడో పిన్ను ఉన్నది. ఎర్తు లేకపోతే ఆ కరెంటుకు మీ వేలే దారి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టరు తగిలించడం మానండి. ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించండి. మీరు వైర్లు విప్పవద్దు.

గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని ఉప్పునీరుగా మారుతుంది. మన తీరంలో తేమ తరచు అంతకు మించుతుంది. ఆ తడికి గుడ్డపీచు తోడైతే ఫ్యాన్ల మీద పొరగా పేరుకుంటుంది, లోహపు స్పర్శలను తినేస్తుంది. అందుకని పెట్టెను నేలమీద కాక ఎత్తు బల్లమీద, కుట్టుమిషనుకు దూరంగా పెట్టించాం. రెండు మూడు నెలలకొకసారి ప్లగ్గు తీసి మెత్తని కుంచెతో దులపాలి. ఈ వైద్యానికి ఖర్చు లేదు.

నూరు రూపాయల లెక్క

ధరలు నెలనెలా మారతాయి. అందుచేత రూపాయలు కంఠస్థం చేయకండి, వంతులు గుర్తుపెట్టుకోండి. ఈ పనికి మేము వేసుకున్న లెక్క, ప్రతి నూరు రూపాయలకూ ఇలా వచ్చింది:

ప్రాసెసరు – 22
మదర్‌బోర్డు – 16
మెమరీ – 15
మానిటరు – 14
ఎస్.ఎస్.డి. – 10
యూపీఎస్ – 8
పవర్ సప్లై – 7
పెట్టె – 5
కీబోర్డు, మౌసు – 3

పెట్టె వంతు చూశారా? రంగుల దీపాలు పోయాయి. ఆ డబ్బే యూపీఎస్ అయింది.

ఇందులో ప్రోగ్రాముల ఖరీదు లేదు. విండోస్ కావాలంటే దానికి వేరే డబ్బు పెట్టాలి. 1991లో మొదలైన లినక్స్ ఉచితం. పట్టికలు వేసుకోవడానికి లిబ్రే ఆఫీసు కూడా ఉచితమే. తెలుగు టైపు రెండింటిలోనూ చేసుకోవచ్చు. కాలేజీలో నేర్పే టాలీ వంటివి మాత్రం విండోస్ మీద నడిచేవి. అందుచేత ఏ ప్రోగ్రాము కావాలో ముందే అడగాలి. ఈ అమ్మాయికి టాలీ సాధన కాలేజీ ప్రయోగశాలలోనే జరుగుతుంది కనుక ఇంట్లో లినక్స్ పెట్టుకుంది.

చేతిలో ఇంతకూడా లేనివారి సంగతేమిటి? కార్యాలయాలు వాడి తీసివేసిన పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతారు. వాటిలో మంచివి ఉంటాయి. అయితే ఒక తేదీ గుర్తుంచుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ తన సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరమో, ఆ తరువాతిదో ప్రాసెసరు ఉండాలి. అంతకన్నా పాతదైతే లినక్స్ పెట్టుకునేవారికే పనికివస్తుంది. పాత యంత్రంలో హార్డు డిస్కు ఉంటే దాని బదులు ఎస్.ఎస్.డి. వేయించండి. సొరుగు సంగతీ, బజారు సంగతీ మీకు తెలుసు కదా!

కొన్న తరువాత

భాగాలన్నీ వచ్చాక స్క్రూడ్రైవరు పట్టుకున్నది ఆ అమ్మాయే. చిప్పులు ముట్టుకునేముందు పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి తాకమన్నాను. మన ఒంటిమీది స్థిరవిద్యుత్తు సుమారు 3000 వోల్టులు దాటితే గాని మనకు చురుక్కుమనదు. చిప్పు పాడవడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. ఇనుమును తాకితే మన ఒంటికీ పెట్టెకూ వోల్టేజి సమానమవుతుంది. గూట్లో ప్రాసెసరు, గాడిలో మెమరీ, తరువాత ఎస్.ఎస్.డి. ఒక్కొక్కటీ దాని చోట కూర్చుంది. తండ్రి పక్కనే నిలబడి, "మిషను బిగించినట్టే ఉంది!" అన్నాడు. నిజమే మరి.

వానాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. కుట్టుమిషను దీపం ఆరింది. యూపీఎస్ కీచుమంటూండగా ఆ అమ్మాయి తన పట్టికను భద్రపరచి, కంప్యూటరు ఆపి లేచింది. మొదటి కాగితం ప్రకారం కొని ఉంటే ఆ సాయంత్రం రాసినదంతా మళ్ళీ రాయవలసి వచ్చేది.

మీరూ చేసి చూడండి

1. మీ బడిలోని ఒక కంప్యూటరు స్విచ్చి వేసినప్పటినుంచి పనికి సిద్ధమయ్యేదాకా ఎన్ని సెకన్లు పడుతుందో కొలవండి. దానిలో ఉన్నది హార్డు డిస్కా, ఎస్.ఎస్.డి.యా అన్నది మీ మాస్టారినడిగి తెలుసుకోండి. రెండు రకాలూ ఉంటే పోల్చండి.

2. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కులో అర చుట్టుకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతుంది?

3. మీ వీధిలో ఒక కిరాణా కొట్టు యజమానిని, ఒక ఫోటోగ్రాఫరును ఆ మూడు ప్రశ్నలూ అడగండి. జవాబులు రాసుకుని ఒక్కొక్కరికీ నూరు రూపాయల లెక్క వేయండి. రెండు లెక్కలూ ఒకేలా వచ్చాయంటే ఎక్కడో ఒక ప్రశ్న సరిగా అడగలేదన్నమాట. మళ్ళీ వెళ్ళి అడగండి!